పరిశోధనాసక్తి: పదోన్నతి

మా మేనత్త మోకాలికి మంచి డాక్టరు కోసం ఒక ప్రైవేటు వైద్య కళాశాల వెబ్‌సైట్ తెరిచాను. ప్రతి ప్రొఫెసర్ ఫొటో కింద ‘పరిశోధనాసక్తులు’ అని ఒక గడి. ఎముకల విభాగాధిపతి, అదే హెచ్‌ఓడీ, గడిలో ‘మధుమేహంపై ప్రజల అవగాహన’ అని ఉంది. చర్మం డాక్టరుకూ అదే, పిల్లల డాక్టరుకూ అదే. మత్తు డాక్టరుకూ అదే. రోగి కళ్లు మూతపడేలోపు అడిగేస్తారు కాబోలు. మేనత్త మోకాలి సంగతి మరిచిపోయి ఆ గడి దగ్గరే చతికిలబడ్డాను.

ఈ ఆసక్తి ఎక్కడ పుడుతుందో మీకు తెలియనిది కాదు. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే రెండు పరిశోధన పత్రాలు అచ్చు కావాలి, ప్రొఫెసర్ కావాలంటే నాలుగు. 2015లో భారత వైద్య మండలి ఇంకో మెలిక పెట్టింది: రచయితల్లో మొదటి రెండు పేర్లకే లెక్క. ఆ వరం తర్వాతెప్పుడో మూడో పేరుకూ దక్కింది. పత్రికతో ఉత్తరాలు నడిపే రచయిత కాకపోతే, నాలుగో పేరువాడు సూక్ష్మదర్శినికి కళ్లు అప్పగించినా ఆ చూపు చెల్లదు.

ఒక పదహారేళ్ల పిల్ల కడుపులో జుట్టు ఉండ దొరికిందనుకుందాం. కోసి తీసింది పీజీ కుర్రాడు. ఆ సమయానికి హెచ్‌ఓడీ గారు పెళ్లి భోజనంలో ఉన్నారు కాబట్టి మొదటి పేరు వారిది. స్కానులో ఉండను చూసిన రేడియాలజీ వారు రెండోది అడిగారు. మత్తిచ్చిన వారు మొహం ముడుచుకున్నారు. ఉండను సీసాలో అందుకున్న పాథాలజీ వారు సీసాను గుండెకు హత్తుకుని ‘ఇది మా దగ్గరుంది’ అని గుర్తు చేశారు. ‘పిల్ల జుట్టు ఎందుకు తిన్నదో చెప్పింది నేను’ అంటూ మానసిక వైద్యుడు గుమ్మంలో నిలబడ్డాడు. కుర్రాడి పేరు తొమ్మిదో స్థానానికి జారింది. అంతలో ఎవరో నిబంధన చదివి వినిపించారు: ఒక్క రోగి కథ పదోన్నతికి పనికిరాదు, అలాంటి కొందరు రోగుల కథలు కలిపిన ‘కేస్ సీరీస్’ అయితేనే పనికొస్తుంది. గదిలో చావు నిశ్శబ్దం.

‘అయితే ఇంకో ఇద్దరు తినాలి సార్.’

‘ఓపీలో పొడుగు జడల వాళ్లను వాకబు చేయండి.’

పక్కనే ఉన్న స్టాఫ్ నర్సు తన జడను గబుక్కున కొప్పు చుట్టుకుంది.

1897 ఆగస్టులో సికింద్రాబాదులో దోమ కడుపు చీల్చి మలేరియా గుట్టు పట్టిన రొనాల్డ్ రాస్, తన పత్రం శీర్షికలోనే ‘రెండు దోమలు’ అని ఒప్పేసుకున్నాడు. ఈ గదిలో ఉంటే మూడో దోమ కోసం ఇంకా తిరుగుతూ ఉండేవాడు.

2005 నుంచి 2014 దాకా దేశంలోని 579 వైద్య సంస్థల పత్రాలు లెక్కపెడితే, పదేళ్లలో ఒక్కటైనా రాయనివి 332 తేలాయి. అందరూ వాటిని తిట్టారు. నేను మాత్రం దండం పెడతాను. కనీసం జనాన్ని కూర్చోబెట్టి ‘షుగరు అంటే ఏమిటో తెలుసా’ అని అడగలేదు. నేను చూసిన ఆ కళాశాల ఆసుపత్రికి మోకాలి కోసం వెళ్లిన మా మేనత్తను మాత్రం అడిగారు. ‘మోకాలు నాయనా’ అన్నదామె. ‘నూటయాభై మంది కావాలమ్మా, మీరు నూట నలభై తొమ్మిది’ అని చేతిలో కాగితం పెట్టారు. సంతకం చేయించి, మోకాలికి మరో వారం రమ్మన్నారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా మూత్రపిండాలు చచ్చిపోతున్నాయి. రెండు దశాబ్దాలు దాటింది. నీళ్లన్నారు, నేలన్నారు, పురుగుమందులన్నారు. ఇదీ కారణమని ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, సంతోషం. కానీ డాక్టరు గారూ, మీకు ప్రయోగశాల ఉంది, జీతం ఉంది, చెప్పిన పని చేసే పీజీలు ఉన్నారు. డయాలసిస్ సూదికి చెయ్యి చాచి, ‘నాకెందుకొచ్చింది బాబూ’ అని అడుగుతున్న రైతు మీ గడిలో పట్టడా? సిగ్గు లేదా?

పట్టడు. ఆయన ప్రశ్నకు జవాబు ఆరు నెలల్లో రాదు. పదోన్నతి ఇంటర్వ్యూ మార్చిలో ఉంది.