సీరియల్ మొదలుపెట్టే ముందు

కొత్తగా రాస్తున్నవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: సీరియల్ రాయాలా, కథ రాయాలా? అడిగేవాళ్ల మనసులో ఒక లెక్క ఉంటుంది. ఆదివారం అనుబంధానికి కథ పంపాలంటే అది సొంత రచనేనని, దేనికీ అనువాదం కాదని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జతచేసి నెలల తరబడి ఎదురుచూడాలి. వేసుకుంటే ఆ ఆదివారం నాలుగు ఫోన్లు, అంతే. అదే కథలు, సీరియళ్లు చదువుకునే ప్రతిలిపి లాంటి యాప్‌లో రాత్రి ఒక భాగం పెడితే తెల్లారేసరికి ‘తర్వాతి భాగం ఎప్పుడు మేడమ్?’ అని కామెంట్లు వస్తాయి. పాఠకులు యాప్‌లోని కాయిన్లు ఖర్చుపెట్టి తాళం వేసిన భాగాలు తెరిస్తే నాలుగు డబ్బులూ వస్తాయి.

ఈ లెక్క తప్పని అనను. సీరియల్ అనగానే మూతి విరిచేవాళ్లకు గుర్తుండదు గానీ, కందుకూరి వీరేశలింగం నవల ‘రాజశేఖర చరిత్రము’ 1878లో పాఠకుల ముందుకొచ్చింది ఆయన పత్రిక వివేకవర్ధనిలో, విడతలుగానే. తర్వాత మన వారపత్రికలు కళకళలాడింది సీరియళ్ల వల్లే.

నా పేచీ వేరే. సీరియల్‌లో వెనక్కి వెళ్లే వీలుండదు. మూడో భాగంలో కన్నీళ్లు పెట్టించాలని హీరోయిన్ మేనమామను చంపేశారనుకుందాం. ఇరవయ్యో భాగానికి ఆస్తి తగాదా ముదిరింది. పొలం కాగితాల గుట్టు తెలిసింది ఆయనకొక్కడికే అయితే ఎంత బాగుండేది! ఇప్పుడేం చేస్తారు? అటక మీద డైరీ దొరుకుతుంది, లేదంటే ఆయనకో కవల సోదరుడు పుట్టుకొస్తాడు. అదే కథయితే మేనమామను బతికించుకోవడం ఒక పూట పని. చాలాసార్లు ఆఖరి పేరా రాశాకే మొదటి పేరా ఎలా ఉండాలో తెలుస్తుంది. యాప్‌లో ఎడిట్ బటన్ ఉందిగా అంటారేమో, కానీ ఇప్పటికే చదివేసినవాళ్ల బుర్రలో అది లేదు.

వారపత్రికలో కనీసం ఎడిటర్ ఉండేవాడు, ఇక ముగించమనేవాడు. యాప్‌లో ఆ మాట అనేవాళ్లే లేరు. కాయిన్లు వస్తున్నంతకాలం నాయిక పెళ్లి వాయిదా పడుతూనే ఉంటుంది.

కథకుడికి ఈ టెన్షన్ లేదు. కాళీపట్నం రామారావు గుట్టలుగా రాసిన మనిషి కాదు. అయినా 1964లో వచ్చిన ఆయన కథ ‘యజ్ఞం’ మీద వాదోపవాదాలు దశాబ్దాల పాటు సాగాయి. అయితే అలా ఓపిక పట్టమని ఇప్పటి కుర్ర రచయితకు చెప్పడం తేలిక, ఆచరించడం కష్టం. పాఠకుడు మరిచిపోతాడేమోనన్న భయం ఉత్తిది కాదు.

అందుకే నన్నడిగితే శంకరమంచి సత్యం దారి చూడమంటాను. 1970ల్లో ఆంధ్రజ్యోతి వీక్లీలో ‘అమరావతి కథలు’ వారం వారం వచ్చాయి, మొత్తం వంద. ఊరు ఒకటే, కృష్ణానది ఒకటే, గుడి ఒకటే. ఏ వారం కథ ఆ వారమే పూర్తి. పాఠకుడికి సీరియల్ అలవాటు, రచయితకు కథలోని స్వేచ్ఛ. ఒక వారం కథ తేలిపోయినా మరుసటి వారానికి దాని బరువు మోయక్కర్లేదు. తర్వాత సినీ దర్శకుడు వంశీ స్వాతి వీక్లీలో పసలపూడి కథలతో చేసిందీ ఇలాంటిదే. సొంత ఊరో, పనిచేసే ఆఫీసో, అద్దెకున్న అపార్ట్‌మెంటో చాలు, పాతిక కథలకు సరిపోతుంది.

చిక్కల్లా ఒక్కటే. యాప్‌లో కాయిన్ పడేది తర్వాతేమవుతుందోనన్న ఆత్రానికి. ఈ వారం కథ పూర్తిగా ముగిసిపోతే వచ్చేవారం కథకు తాళం తీయాలన్న తొందర పాఠకుడికి ఉండదు. డబ్బే ముఖ్యమనుకునేవాళ్లు సీరియలే రాసుకోవచ్చు, మేనమామను చంపే ముందు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.