ఆ కళ్లద్దాల్లో మా తుడుం ఏది?

ఇప్పుడే పిల్లాణ్ని ఉట్నూరు బస్సెక్కించి వచ్చా. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

మా ఊరి గోండు దోస్తు కొడుకు వాడు. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి. సెలవులకి నా దగ్గరికొస్తే మాదాపూర్‌లో టెక్నాలజీ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లా. ఒక స్టాల్ మీద ఇంత పెద్ద బ్యానర్: మారుమూల పల్లెలకు వీఆర్ చదువు! వాడికంటే నాకే సంబరం ఎక్కువైంది.

వీఆర్ అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే మనమే ఆ చోట ఉన్నట్టు కనిపించడం. ముందు గుండె పాఠం పెట్టారు. హెడ్‌సెట్ తగిలించగానే పిల్లాడు గుండె లోపల నిలబడ్డాడు. కవాటాలు తెరుచుకుంటుంటే చెయ్యి చాచి పట్టుకోబోయాడు. "కాకా, రక్తం నా పక్కనుంచే పోతాంది!" అని కేక. పుస్తకంలో ఎరుపు, నీలం బొమ్మ చూసి నాలుగు గదుల పేర్లు బట్టీ పట్టిన పిల్లాడు వాడు. ఆ మొహం చూస్తే ఈ కళ్లద్దాలు ప్రతి ఆశ్రమ పాఠశాలకీ వెళ్లాలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది.

కానీ పాఠమంతా ఇంగ్లిష్‌లోనే. తెలుగు పెట్టమంటే "తర్వాతి వెర్షన్‌లో వస్తుంది సార్" అన్నాడు స్టాల్ అబ్బాయి. గోండి ఉందా అని అడిగితే, అదొక భాషని తెలియనట్టు చూశాడు. మారుమూల పల్లె పేరు చెప్పుకుని వచ్చినవాళ్లకు ఆ పల్లె మాట్లాడే మాట ఏదో తెలియదు!

తర్వాత 'గిరిజన సంస్కృతి' అని ఇంకో వీడియో. దీపావళికి గోండులు ఆడే దండారి ఆటలో వేషం కట్టే గుస్సాడీలు నెమలీకల కిరీటాలతో చుట్టూ ఆడుతున్నారు. రెండు నిమిషాలకే వాడు హెడ్‌సెట్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది దండారి కాదు కాకా. తుడుం ఏది? పెప్రె ఏది?" నేనూ పెట్టుకుని విన్నా. డప్పు, తుడుం, గుమ్మెల, పెప్రె, ఆ ఆటకు వాయించే వాయిద్యాలన్నీ తీసేసి కీబోర్డు సంగీతం అతికించారు. ఆడుతున్నవాళ్ల ఊరు లేదు, పేరు లేదు. గుస్సాడీ వేషం మొక్కు అండీ! దీపావళి రోజుల్లో ఆ వేషం కట్టినవాళ్లు దీక్ష అయ్యేదాకా స్నానం కూడా చెయ్యరు. దానికి ఫంక్షన్‌హాల్ పాట పెడతారా? వాళ్ల దేవుడి ఆటను వాళ్ల పిల్లాడికే మూగగా చూపిస్తారా?

అదే గుస్సాడీకి 2021లో పద్మశ్రీ వచ్చింది. మార్లవాయి ఊరి గుస్సాడీ కళాకారుడు కనకరాజు గారికి. 2024లో ఆయన పోయారు. ఆయన ఉండగానే చుట్టూ అన్ని వైపులా తీసే ఒక 360 డిగ్రీల కెమెరా తీసుకుని ఆ ఊరు వెళ్లి, ఆయన అడుగు, ఆయన మాట, ఆయన పక్కన వాయించేవాళ్ల దెబ్బ యథాతథంగా దాచి ఉంటే ఈ పిల్లలకు అంతకంటే పెద్ద పాఠం ఏముంటుంది? అలా ఒక తరం వెళ్లిపోతోంది, మనం స్టాళ్లు అలంకరిస్తున్నాం.

మార్లవాయి అంటే ఇంకోటి చెప్పాలి. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా ఆయన అదే ఊళ్లో ఉండి గోండు యువకులకు పంతుళ్లుగా శిక్షణ ఇప్పించాడు, గోండి వాచకాలు తయారు చేయించాడు. ఎక్కడో యూరప్‌లో పుట్టిన మనిషి ఎనభై ఏళ్ల కింద గోండిలో పాఠం చెప్పించగలిగాడు. హైదరాబాద్‌లో కూర్చుని మనం చెప్పించలేమా? లిపి లేదని తప్పించుకోవడానికీ లేదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లోనే కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లో చోటు దక్కింది.

నాకు ఇంత మంట ఎందుకంటే ఈ ఆట నేను చిన్నప్పుడే చూశా. 2004లో ఎడ్యుశాట్ ఎగిరింది, ఉపగ్రహం నుంచి పాఠాలొస్తాయన్నారు. మా బడికీ టీవీ, పైన డిష్ గొడుగు వచ్చాయి. టీవీ నేరుగా హెడ్‌మాస్టర్ గదిలోకి వెళ్లింది. తాళం ఆయన జేబులో. "మీరు పాడు చేస్తార్రా" అనేవాడు. పదో తరగతి అయ్యేలోపు దాని ముందు కూర్చుని ఒక్క పాఠం విన్నది లేదు. క్రికెట్ ఉన్న రోజు మాత్రం సార్లందరూ ఆ గదిలోనే. కిటికీ ఊచల్లోంచి స్కోరు విన్నాం మేం. ఇరవై ఏళ్లయినా ఆ తాళం చప్పుడు మర్చిపోలేదు. నిన్న కూడా స్టాల్ అబ్బాయి ముందు అన్న మాట అదే: "జాగ్రత్త బాబూ, కాస్ట్లీ ఐటమ్, పగలగొడతావ్."

ఖరీదైన హెడ్‌సెట్లే కావాలని కూడా లేదు. అట్టముక్క, రెండు కటకాలు, మామూలు ఫోను ఉంటే చాలని 2014లోనే గూగుల్ కార్డ్‌బోర్డ్ చూపించింది. వీడియో ఒకసారి ఫోన్లో దించుకుంటే సిగ్నల్ లేని గూడెంలోనూ ఆడుతుంది. అయితే పాఠం ఆ బడి చేతిలో ఉండాలి, కంపెనీ చేతిలో కాదు. బడిపిల్లల్ని ఫోన్లోనే లోకమంతా తిప్పిన ఎక్స్‌పెడిషన్స్ యాప్‌ని అదే గూగుల్ 2021లో మూసేసింది.

బస్సు కదిలేముందు వాడు కిటికీలోంచి అడిగాడు: "కాకా, ఆ కెమెరా మనకు కిరాయికి దొరుకుతదా?" దొరుకుతుందిరా అన్నా. దీపావళికి వెళ్తున్నా. ముందు ఊరి పెద్దల్ని అడుగుతా, వాళ్లు సరేనంటేనే తీస్తా. ధ్వని రికార్డింగ్ బాగా తెలిసినవాళ్లు, గోండిలో చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే కింద చెప్పండి. తుడుం చప్పుడు సరిగ్గా పట్టే మైకు ఏదో కూడా చెప్పండి.