కూర రాని కంచె మనకెందుకు?

“ఆదివారం మా తోటలో అడవి కూర ఉంది, తప్పకుండా రావాలి, విషయం మాత్రం మన మధ్యనే ఉండాలి” అన్న ఆహ్వానం ఈ మధ్య ఒకటి అందింది. మన మధ్యనే ఉండవలసిన ఆ విషయాన్ని ఆ పెద్దమనిషి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, నాలుక చప్పరించే బొమ్మలు, “అన్నా, ఈసారి కుందేలా, పందా?” అన్న సందేహాలు, ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి నుంచి “జీవవైవిధ్యం వర్ధిల్లాలి” అన్న చమత్కారం వరుసగా వచ్చి చేరాయి. ఇంత గోప్యంగా జరిగే కార్యాన్ని గురించి బహిరంగంగా రాయడం మర్యాద కాదని నాకు తెలుసు. అయినా, వేట అనే ప్రాచీన విద్య మన కళ్ళముందే ఎంత ఉన్నత స్థితికి చేరుకున్నదో నివేదించకపోతే ఆ విద్యకు అన్యాయం చేసినవాడినవుతానన్న భయంతో ఈ పనికి పూనుకుంటున్నాను.

పూర్వం వేట అంటే మహా తలనొప్పి వ్యవహారం. గాలివాటం చూసుకోవాలి, అడుగుజాడలు చదవాలి, పెంటికలు తాజావో పాతవో చూసి జంతువు ఎంతసేపటి కిందట ఆ దారిన పోయిందో చెప్పాలి, పొదల్లో గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి, ఇంత చేసీ చాలాసార్లు ఉత్త చేతులతో ఇంటికి వచ్చి భార్య ముందు తలదించుకోవాలి. నిజాం ప్రభువులు సైతం పోచారానికో, నేడు హరిణ వనస్థలిగా మిగిలిన అడవికో పరివారాన్ని వెంటబెట్టుకుని స్వయంగా కదలవలసి వచ్చేది. నేటి వేటగాడికి ఈ కష్టాలేవీ లేవు. అతడు సాయంత్రం పని ముగించుకుని, రాత్రి భోజనం చేసి, దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. వేట దానంతట అది జరుగుతుంది.

ఇందుకు కావలసిన పరికరాలు కూడా ఏమంత ఖరీదైనవి కావు. పాత మోటారుసైకిల్ క్లచ్ వైరు ఒకటి చాలు, కుందేలుకు ఉచ్చు సిద్ధమవుతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని వాదించేవాడిని మనం మూర్ఖుడంటాము గాని, తెల్లవార్లూ ఆ వైరుతో పెనుగులాడిన కుందేలు కొన్నిసార్లు నిజంగానే మూడు కాళ్ళతో దొరుకుతుంది. తలకు కట్టుకునే లైటు ఉంటే మరీ సులువు. ఆ వెలుగు కళ్ళలో పడిన కుందేలు ఎటు పోవాలో తెలియక నిలబడిపోతుంది, దాన్ని కర్రతో కొట్టినవాడు మరునాటి స్టేటస్‌లో వీరుడవుతాడు. ఇక .177 కాలిబర్ ఎయిర్‌గన్‌కు, దాని శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే, 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. తుపాకీకి లైసెన్సు అక్కరలేదంటే పిట్టను కొట్టడానికి కూడా అక్కరలేదని మనవాళ్ళు ఎంతో ఉదారంగా అన్వయించుకున్నారు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ప్రభుత్వం అడిగితే జనం తమ ఎయిర్‌గన్‌లను వేల సంఖ్యలో తెచ్చి అప్పగించారట. పాపం, వాళ్ళకు ఆదివారాలు ఎలా గడుస్తున్నాయో! నాటు బాంబుల సంగతి విస్తరించి చెప్పను. పిండిముద్దలో పెట్టిన ఆ మందు పంది కోసమని దారిన పోయే ఆవుకు తెలియదు, దవడ పగిలిన ఆవును చూసి యజమాని ఎవరిని తిట్టాలో తెలియక ఆకాశాన్ని తిడతాడు.

తినడానికి పనికిరాని జంతువును వదిలేస్తామని కూడా ఎవరూ అపోహపడకూడదు. నక్కకు కొమ్ము ఉండదని బడిపిల్లవాడు కూడా చెబుతాడు, అయినా నక్క కొమ్ము కొని బీరువాలో దాచుకుని వ్యాపారం కలిసొస్తుందని ఎదురుచూసే వర్తకులు మనలో ఉన్నారు. ఉత్తరాది నుంచి ‘హత్తా జోడి’ పేరుతో అరుదైన మూలిక వేరు ఒకటి వస్తుంది. దాన్ని వెండి భరిణెలో పెట్టి, కుంకుమ అద్ది, లక్ష్మీదేవి పటం ముందు ఉంచి పూజిస్తారు. ఆ పేరుతో పరీక్షకు వచ్చిన సరుకు ఎండబెట్టిన మగ ఉడుము జననేంద్రియమని తేలింది. ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానమైన రక్షణలో ఉన్న జీవి. పూజ సాగుతున్నది, సిరి మాత్రం అమ్మినవాడికి వస్తున్నది.

మళ్ళీ తోటకు వద్దాము. నేను వెళ్ళలేదు గాని, ఇలాంటి విందుల క్రమం ఎక్కడైనా ఒక్కటే కనుక కళ్ళకు కట్టినట్టు చెప్పగలను. మామిడిచెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంటాయి. కాంట్రాక్టరు, ఆయన బావమరిది, ఇద్దరు స్థిరాస్తి వ్యాపారులు, పైన చెప్పిన ప్రధానోపాధ్యాయుడు, ఎవరి తరఫున వచ్చాడో ఎవరికీ తెలియని ఒక యువ నాయకుడు ఆసీనులవుతారు. కట్టెలపొయ్యి మీద డేగిసా ఉడుకుతుంటుంది. అప్పుడు ఆతిథేయుడు గొంతు సవరించుకుని యుద్ధకాండ ప్రారంభిస్తాడు. పంది మొదట నూరు కిలోలు. రెండో గ్లాసుకు నూటయాభై అవుతుంది. అది కోరలు జాపుకుని మీదికి దూకిందని, తాను అంగుళం కూడా వెనక్కు తగ్గలేదని, దాని కళ్ళలోకి సూటిగా చూశానని ఆయన చెబుతుంటే, యువ నాయకుడు కుర్చీని నాలుగంగుళాలు వెనక్కు జరుపుకుంటాడు.

“తూటా ఏడ తగిలిందన్నా?” అని బావమరిది భక్తితో అడుగుతాడు.

“గుండెల. ఒక్కటే దెబ్బ.”

“మరి కాలు కమిలినట్టున్నదేంది?”

ఈ ప్రశ్నతో సభలో కాసేపు నిశ్శబ్దం ఆవరిస్తుంది. వేటగాడి తేజస్సుకు పంది కాలు దానంతట అదే కమిలి ఉండవచ్చునని ప్రధానోపాధ్యాయుడు శాస్త్రీయంగా సమర్థిస్తాడు. డేగిసా దగ్గర గరిటె తిప్పుతున్న మనిషి, అంటే నిన్న అర్ధరాత్రి కరెంటు తీగ కట్టి, తెల్లవారుజామున పందిని మోసుకొచ్చి, కాల్చి, కోసి, ఇప్పుడు వండుతున్న మనిషి, ఏమీ మాట్లాడడు. అతడికి మాట్లాడే హక్కుతోపాటు ముందుగా తినే హక్కు కూడా లేదు. చివరగా వస్తాదువంటి స్థిరాస్తి వ్యాపారి ఒకడు ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, “ఇది ఫారం కోడిలెక్క కాదు, మందులు లేవు, ఇంజక్షన్లు లేవు, ఒంటికి మంచిది” అని తీర్పు చెబుతాడు. చుట్టూ సోడాలు, మందుసీసాలు, సిగరెట్టు పొగ ఉంటాయి. ఆరోగ్యం మీద మనవాళ్ళకున్న శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది.

ఇక్కడ చట్టం ఏమంటున్నదో చెప్పకపోతే వ్యాసం అసమగ్రమవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, ఉచ్చు పన్నడం, ఎర వేయడం, తరమడం, పిట్టగూడు చెదరగొట్టి గుడ్లు తీయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. 2022లో చేసిన సవరణ తరువాత సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మొదటి షెడ్యూలు జీవి అయితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళు. నాకు అన్నిటికన్నా నచ్చింది 39వ సెక్షను. చట్టవిరుద్ధంగా వేటాడిన జంతువు, దాని మాంసంతో సహా, ప్రభుత్వ ఆస్తి. అటువంటి ఆస్తి ఎవరి చేతికి వచ్చినా 48 గంటల్లోగా పోలీసు స్టేషనులోనో, అధీకృత అధికారికో తెలియజేయాలి. అంటే తోటలో ఆ మధ్యాహ్నం విస్తళ్ళలో వడ్డించినది సాక్షాత్తు ప్రభుత్వ ఆస్తి. గడువు ముగిసేనాటికి ఆ ఆస్తి ఏ రూపంలో ఎక్కడ ఉంటుందో రెవెన్యూ రికార్డులు తిరగేసినా తెలియదు. ప్రభుత్వ భూములను మింగిన నోటికి ప్రభుత్వ పంది ఒక లెక్కా?

ఇదే చట్టం నల్లమలలో చెంచును చూసినప్పుడు మాత్రం దానికి అక్షరం పొల్లుపోకుండా అన్నీ గుర్తుకొస్తాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆదివాసుల సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూనే, వేటాడే హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. తరతరాలుగా విల్లంబులతో బతికినవాడికి ఒక్క కుందేలు కూడా చట్టసమ్మతం కాదు. సరే, అడవి తరిగిపోయింది, జంతువులు తరిగిపోయాయి, ఆ మినహాయింపు అవసరమేనని ఒప్పుకుందాము. అయితే సంచిలో కుందేలుతో దొరికిన చెంచును జీపెక్కించే చట్టం, డేగిసాలో పందితో ఉన్న కాంట్రాక్టరు గేటు దగ్గర ఎందుకు హారన్ కొట్టి వెనుదిరుగుతుందో ఎవరైనా వివరించగలరా?

వెంటనే ఒక గొంతు లేస్తుంది: “మీకేం తెలుసు, పందులు రైతు పంటను నాశనం చేస్తున్నాయి.” నిజమే, చేస్తున్నాయి. ఒక్క రాత్రిలో మక్క చేనును చాపలా పడగొట్టి పోతాయి. వేరుశనగను పెకలించి పోతాయి. రాత్రంతా మంచె మీద డబ్బా వాయిస్తూ కూర్చున్న రైతును చూసి నవ్వే హక్కు నాకు గాని, అడవి గురించి ఏసీ గదిలో ఉపన్యసించేవారికి గాని లేదు. అందుకే చట్టంలో 11వ సెక్షను ఉంది. నిలిచిన పంటకు ముప్పు ఉంటే ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా ఆయన అధికారమిచ్చినవారు, కారణాలు రాసి, పందిని చంపడానికి అనుమతి ఇవ్వవచ్చు. అనుభవమున్న షూటరు వచ్చి కాలుస్తాడు. అలా చంపిన పందిని తినకూడదని, పూడ్చడమో తగలబెట్టడమో చేయాలని షరతులు పెడతారు. ఇక్కడే మన వేటప్రియులకు ఆ సెక్షను మీద మనసు విరిగిపోతుంది. చంపిన పందిని పూడ్చిపెట్టడమేమిటి, సంస్కారం లేని పని!

చంపకుండానే పందిని ఆపే సోలారు కంచె కూడా ఒకటుంది, దాని మాటకు వద్దాము. అందులో విద్యుత్తు నిరంతరంగా ప్రవహించదు, దాదాపు సెకనుకొకసారి, కన్ను మూసి తెరిచేంత సమయం కూడా పట్టని స్పందనగా వచ్చి పోతుంది. పందికి ఝల్లుమంటుంది, కేకపెట్టి పారిపోతుంది, ఆ చేను వైపు మళ్ళీ రావడానికి జంకుతుంది. మనిషి పొరపాటున తాకితే ఉలిక్కిపడి నాలుగు బూతులు తిట్టి లేచి పోతాడు. పంట మిగులుతుంది, పంది మిగులుతుంది, మనిషి మిగులుతాడు. ఇన్ని సుగుణాలున్న ఈ కంచెలో ఒకే ఒక్క లోపం ఉంది. కూర రాదు.

పంటను కాపాడటమే ఉద్దేశమైతే తీగ చేను గట్టున ఉండాలి. మరి మనం వేసే తీగలు చేనును వదిలి, పంటే లేని చోట, అడవిలో జంతువులు నీళ్ళకు పోయే బాటల వెంట, వాగుల ఒడ్డున ఎందుకు పరుచుకుని ఉంటాయి? పంట కోసిన తరువాత వేసవిలో ఎందుకు ఉంటాయి? పైన పోయే లైనుకు కొక్కెం తగిలించి నేల మీదికి దించిన కరెంటు ఎవరిని కాపాడుతున్నది?

ఈ తీగకు కళ్ళు లేవు. దానికి పంది, పులి, మనిషి అన్న భేదం తెలియదు. పంది కోసం, దుప్పి కోసం వేసిన ఉచ్చు చెన్నూరు అడవుల్లో కె-4 అనే ఆడపులి నడుముకు బిగుసుకుంది. ఆ ఉచ్చుతోనే తిరుగుతున్న పులిని కెమెరాల్లో చూస్తూ అధికారులు ఏమీ చేయలేకపోయారు. మహారాష్ట్ర అడవుల నుంచి ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ వైపు పులులు వస్తున్నాయని మనం పండుగ చేసుకుంటాము, అవి వచ్చిన దారిలోనే తీగ పరుస్తాము. 2025 మే నెలలో పెంచికల్‌పేట రేంజిలో ఒక ఆడపులి కరెంటు తీగకు బలైంది, గోళ్ళు, చర్మం దోచుకుపోయారు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో విధి నిర్వహణకు వెళ్ళిన గ్రేహౌండ్స్ కానిస్టేబులు ఒకరు జంతువుల కోసం అమర్చిన తీగకు తగిలి చనిపోయారు. ఆయన పోలీసు కనుక వార్త పత్రికల మొదటి పేజీకి ఎక్కింది. తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి మోటారు దగ్గరికి పోయిన రైతు, తునికాకు ఏరడానికి పోయిన కూలితల్లి, తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ పోయిన పిల్లవాడు చనిపోయినప్పుడు జిల్లా పేజీలో నాలుగు వరుసలు వస్తాయి. కొన్నిచోట్ల అవి కూడా రావు. శవాన్ని తీగ దగ్గరి నుంచి పక్కకు జరిపి, తీగ చుట్టేసి, పెద్దమనుషులను కూర్చోబెట్టి, ప్రాణానికి ఇంత అని మాట్లాడి ముగిస్తారు. నా చేతికి మాటలు అందడం లేదు, అయినా రాస్తాను: ఇది వేట కాదు, హత్య. పగలు తీరిగ్గా ఆలోచించి, ఎవరు చచ్చినా ఫరవాలేదనుకుని, రాత్రి పరిచి, ఇంటికి పోయి నిద్రపోయే హత్య. దీనిని నిర్లక్ష్యం కింద రాసి ఐదేళ్ళలోపు శిక్షకు కుదించేవారి కలానికి సిగ్గుండాలి.

చీకట్లో శబ్దం విని బాణం వేసిన దశరథుడు కూడా ఏం చంపుతున్నాడో చూడలేదు. కాని తాను చంపినది నీళ్ళు ముంచుకుంటున్న కుర్రవాడినని తెలిసిన మరుక్షణం, అదే కుండ చేతపట్టుకుని, గుడ్డివాళ్ళయిన ఆ తల్లిదండ్రుల దగ్గరికి స్వయంగా నడిచి వెళ్ళి, నేనే చంపానని చెప్పాడు, వాళ్ళ శాపాన్ని తలవంచి తీసుకున్నాడు. మన దశరథులు తీగ చుట్టుకుని పక్కదారిన ఇంటికి పోతారు, మధ్యాహ్నం ఆ ఇంటికే పరామర్శకు కూడా వెళతారు.

కాబట్టి ఒక చిన్న విన్నపం. ఇలాంటి కేసులో చిక్కేది ఎప్పుడూ ఆ గరిటె తిప్పిన మనిషే. అతడు దోషే, వదలమని నేను అనడం లేదు. కాని ఆ తీగకు డబ్బు ఇచ్చినవాడు, ఆ మాంసాన్ని కిలో ఇంతని ముందే చెప్పి పెట్టుకున్నవాడు, కారు డిక్కీలో తెచ్చుకున్నవాడు, మామిడిచెట్టు కింద కూర్చుని ఒంటికి మంచిదని తీర్పు చెప్పినవాడు ఆ కాగితంలో ఎందుకు ఉండరు? ఆ మాంసం కలిగి ఉండటం కూడా నేరమేనని చట్టం చెబుతూనే ఉంది. ఎఫ్ఐఆర్‌లో చోటు చాలకపోతే అదనపు కాగితం జతచేయండి, పేర్లు వారి హోదాలతో సహా రాయండి, జీవవైవిధ్యం వర్ధిల్లాలన్న ఆ ప్రధానోపాధ్యాయుడి పేరు మొదట రాయండి.