ఖిద్, సెమ్, టీ

నిన్న దుబాయ్‌లో మా కంపెనీ సెమినారు. బ్యాడ్జీల డ్యూటీ నాది. ఇంటిపేర్ల వరసలో పెట్టమన్నారని పెడితే సగం హాలు 'ఏ' కౌంటర్ కిందికే వచ్చింది. అల్ మన్సూరీ, అల్ షంసీ, అల్ జాబీ, అల్ హమ్మాదీ... మిగతా కౌంటర్ల వాళ్లు ఈగలు తోలుకోవాల్సిందే.

మా మేనేజరు గారికి పరిష్కారం ముందే తెలుసు. "ఇంగ్లీషు పేపర్లు చదవవా? మొదటిసారి బషర్ అల్ అసద్ అని రాసి, తర్వాత ఉత్త అసద్ అంటాయి. ఆ అల్ తీసెయ్." అన్ని అల్‌లూ ఒకటి కాదు సార్, అల్ నహ్యాన్, అల్ మక్తూమ్ లాంటి పాలక కుటుంబాల పేర్లలోది వంశాన్ని చెప్పే వేరే మాట, ఇంగ్లీషులో రెండూ ఒకేలా కనిపిస్తాయంతే, దాన్ని పీకకూడదు అని చెప్పబోయాను. అసలు ఇక్కడ మిస్టర్ పక్కన మొదటి పేరే పెట్టి పిలుస్తారు కదా అని కూడా నసిగాను. ఎవరు వింటారు? నా పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏదో, పేరు ఏదో తేల్చుకోలేక నన్ను ఇప్పటికీ మా తాతల ఊరి పేరుతో పిలిచే ఆఫీసు ఇది.

ఆయనే మౌసు లాక్కుని ఎక్సెల్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచారు. పై గడిలో ఏ, ఎల్. కింది గడి ఖాళీ. రీప్లేస్ ఆల్. ప్రింట్.

ప్రత్యేకంగా చెబితే తప్ప ఎక్సెల్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉండదు. పేరు మధ్యలో నక్కిన ఏఎల్‌ని కూడా వెతికి మరీ పీకేసింది. ఖాలిద్ కాస్తా ఖిద్ అయ్యాడు. సాలెం, సెమ్. బిలాల్ నయం, బిల్ అయి అమెరికా వెళ్లిపోయాడు. అలీ గారికి మిగిలింది ఒక్క ఐ. మన వేణుగోపాల్, వేణుగోప్. అనువాదకురాలి బ్యాడ్జీ మీద భాష మలయాళం అని ఉండాలి. ఇంగ్లీషు స్పెల్లింగులోంచి రెండు ఏఎల్‌లు పోతే మిగిలింది 'మాయం'. ఆవిడకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాం.

తలాల్ అల్ హమ్మాదీ గారికి మాత్రం దొరికిపోయాను. ఇస్త్రీ నలగని తెల్లటి కందూరా, చేతిలో జపమాల. బ్యాడ్జీ మీద 'టీ హమ్మాదీ'. "టీ ఏమిటి?" అన్నారాయన. నేను నోరు తెరిచేలోపే, టీ అన్న మాట చెవిన పడ్డ ఆఫీస్ బాయ్ పరిగెత్తుకొచ్చి కరక్ చాయ్ ఆయన ముందు పెట్టాడు. ఆయన చాయ్ చూశారు. బ్యాడ్జీ చూశారు. నన్ను చూశారు.

"మా నాన్న పెట్టిన పేరులో మీకు నచ్చింది ఇంతేనా?"

"చక్కెర సరిపోయిందాండీ?" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. టెన్షన్ వస్తే నా నోరు ముందుగా మర్యాదలు మొదలుపెడుతుంది. పెళ్లిళ్లలో వడ్డన చేసిన అలవాటు. వెనక క్యూలో ఎవరో పకాలున నవ్వారు, ఖిద్ గారనుకుంటా.

అదే బ్యాడ్జీల కట్టలో మా జనరల్ మేనేజరు గారిదీ ఉంది. 'జెనర్ మేనేజర్' అని గుండెల మీద తగిలించుకుని స్వాగతోపన్యాసం ఇచ్చారు. ఎవరూ చెప్పలేదు. నేను అసలే చెప్పలేదు.

సాయంత్రం ఆయన దగ్గర్నుంచి మెయిల్. ఇంటిపేర్లతో తలనొప్పి, వచ్చే సెమినారుకి మొదటి పేర్ల వరసలో పెట్టమని. లిస్టు తెరిచాను. మొహమ్మద్, ముహమ్మద్, మొహమెద్, మొహమ్మద్, మొహమ్మద్... 'ఎమ్' కౌంటర్ నాకే వేశారు.