అమ్మ మోచేయి, నా సర్టిఫికెట్

మార్చి నెలాఖరు వచ్చిందంటే గచ్చిబౌలి నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఐటీ కంపెనీల్లో సరస్వతీదేవి కళ్లు తెరుస్తుంది. తెరిచి నేరుగా మన మెయిల్‌లోకి చూస్తుంది. "మీ లెర్నింగ్ అవర్స్ 40కి 26 మాత్రమే పూర్తయ్యాయి. మీ ఎదుగుదల మాకు ముఖ్యం." ఎర్రక్షరాల్లో, మేనేజర్‌కు కాపీతో, ఆదివారం పొద్దున ఏడింటికి. ఏడాదికి ఇన్ని గంటల కోర్సులు చేసి తీరాలని కంపెనీ లెక్క.

ముఖ్యమే కాబోలు. పగలంతా ప్రతి గంటా క్లయింటు ఖాతాలో రాయాలి కాబట్టి, జ్ఞానానికి రాత్రి పదింటి తర్వాతే ముహూర్తం. పిల్లలు పడుకున్నాక, మన ఇంటి కరెంటుతో.

చదువుకు గడువు తేదీ వేసిన ఘనత మాత్రం మా రంగానిదే. అమెజాన్ క్లౌడ్ సర్టిఫికెట్ మూడేళ్లకు మురిగిపోతుంది. మైక్రోసాఫ్ట్ అసోసియేట్ స్థాయి దానికి ఆయుష్షు ఏడాదే (రెన్యువల్ ఉచితం, పాపం, వాళ్లను అనకూడదు). ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్ పీఎంపీ నిలబెట్టుకోవాలంటే మూడేళ్లలో 60 పీడీయూలు, అంటే చదువు పాయింట్లు, కూడబెట్టాలి. మా ఇంట్లో ఆవకాయ ఇంతకంటే నిబ్బరంగా నిలవుంటుంది.

సరే, ఆ ఆదివారం సంగతి. కోర్సు ఏజెంటిక్ ఏఐ, అంటే మన తరఫున తనే పనులు చక్కబెట్టే ఏఐ. ఏడు గంటల వీడియో. ముందుకు జరపనివ్వదు, వేగం పెంచనివ్వదు. పది నిమిషాలకోసారి "ఆర్ యూ స్టిల్ దేర్?" అని గొంతు వినిపిస్తుంది. బటన్ నొక్కకపోతే పాఠం మళ్లీ మొదటికి. నాకేమో అదే రోజు ప్రొడక్షన్ రిలీజ్, కొత్త సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వదిలే పని. అందుకని కోర్సును పాత ల్యాప్‌టాప్‌లో తెరిచి వంటింట్లో అమ్మ ముందు పెట్టాను.

అమ్మ కొత్త చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. "ఆ అమ్మాయి ఏమైనా అడిగితే ఈ నీలం బటన్ నొక్కమ్మా" అన్నాను. చేతులు జిగటగా ఉన్నాయి కాబట్టి మోచేత్తో నొక్కడం మొదలుపెట్టింది. ఊరికే కాదు, "ఉన్నాలేమ్మా, ఎక్కడికి పోతాను" అని జవాబిచ్చి మరీ. మధ్యాహ్నానికి ఆ అమ్మాయి మీద జాలి పుట్టింది. "పొద్దుట్నుంచీ గుక్క తిప్పుకోకుండా చెప్తూనే ఉందిరా, ఎవరైనా కాసిని మంచినీళ్లిచ్చారా?" నాలుగో అధ్యాయంలో అనుమానమొచ్చింది. "ఏరా, ఇన్నిసార్లు ఏజెంటు, ఏజెంటు అంటోంది, వాడు కమిషన్ ఎంత తీసుకుంటాడు?" నిజం చెప్పాలంటే ఆ కోర్సులో ఎవరూ అడగని అసలు ప్రశ్న అదే. చివర్లో క్విజ్. తప్పితే ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు కాబట్టి నాలుగో ప్రయత్నంలో మోచేయి పాసైంది.

సాయంత్రానికి మూడు కిలోల చింతపండు, ఒక బ్యాడ్జి సిద్ధం. సోమవారం మీటింగులో మేనేజర్ నా పేరు చదివి చప్పట్లు కొట్టించాడు. లింక్డ్‌ఇన్‌లో పెట్టమన్నాడు. పెట్టాను. నా కృషి గురించి నాలుగు వాక్యాలు కూడా రాశాను.

నా పక్క సీటాయన ఆ చప్పట్లలో లేడు. 1998లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఆయన అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర ఒక గదిలో, కుర్చీ దొరక్క గోడకానుకుని వైటూకే (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న గండం) కోసం కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుంటున్నాడు. తర్వాత జావా, టెస్టింగ్ టూల్స్, హడూప్, క్లౌడ్. ప్రతిసారీ అదే అమీర్‌పేట, అదే జిరాక్స్ మెటీరియల్, సొంత జేబులోంచి ఫీజు. ఈ ఏడాది 40కి 71 గంటలు చేశాడు. తానే కూర్చుని, నోట్సు రాసుకుని. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం రూములోకి పిలిచి, పదిహేను నిమిషాల్లో ఐడీ కార్డు లాక్కుని పంపేశారు. కారణం "స్కిల్ మిస్‌మ్యాచ్" అట.

అబద్ధం. ఆయన జీతంతో ఇద్దరు కుర్రాళ్లొస్తారు, అదీ లెక్క. ఆ మాట మొహం మీద చెప్పే దమ్ము లేక, పాతికేళ్లకు పైగా చదువు ఆపని మనిషికి చదువు చాల్లేదని ముద్ర వేశారు. సిగ్గుండాలి! నిజంగా నేర్పాలనుంటే పట్టపగలు, పని గంటల్లో, కొత్త ప్రాజెక్టులో పెట్టి నేర్పండి. మా నిద్ర తిని మీ రికార్డులు నింపుకోకండి. ఆయన కూతురికి ఈ ఏడాదే ఇంజినీరింగ్ సీటొచ్చింది. కంప్యూటర్ సైన్సే.

నిన్న కొత్త ఆర్థిక సంవత్సరం మెయిల్ వచ్చింది. ఈసారి 60 గంటలు. అమ్మకు చెప్పాను.

"అయితే మిరపకాయలు తెచ్చెయ్యరా, తొడిమలు తీసి పెడతాను."