మహారాజశ్రీ పది సెకన్ల ఫార్వర్డ్ బటన్ గారికి

మహారాజశ్రీ పది సెకన్ల ఫార్వర్డ్ బటన్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఈ మధ్య ఇంట్లో చూసిన సినిమాల మీద మా చుట్టాలంతా తెగ అభిప్రాయాలు పంచుకుంటున్నాం. పెళ్లి పందిట్లో, పదోరోజు భోజనాల దగ్గర, వాట్సాప్ గ్రూపులో, నలుగురు చేరితే చాలు, "ఏం చూశారీ మధ్య?" జవాబులు నాలుక చివరే ఉంటాయి. "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్." "ఓసారి చూడొచ్చు." "ఎమోషన్ కనెక్ట్ అవలేదు." ఇన్ని మాటల్లో తమరి ప్రస్తావన ఒక్కసారీ రాదు. సినిమాలో సగం తమరు మింగితే, మొత్తం చూసిన పేరు మాది. ఈ అన్యాయం భరించలేకే ఈ ఉత్తరం.

ముందు ఆ సెకండాఫ్ సంగతి. ఇంట్లో ఇంటర్వెల్ ఎక్కడ ఏడ్చింది? తెర మీద ఆ అక్షరాలు పడతాయి, పోతాయి, ఎవరూ లేవరు. మా ఇంట్లో సెకండాఫ్ అంటే అన్నాలయ్యాక చూసింది. కడుపునిండా తిని, సోఫాలో ఒరిగి, కళ్లు మూతలు పడుతుండగా చూస్తే ఏ సినిమా మాత్రం సాగదు? తప్పు ములక్కాడ సాంబారుది, తిట్లు రచయితకి.

మా బాబాయి తమరికి పరమభక్తుడు. రెండు గంటల నలభై నిమిషాల సినిమాని గంటంపావులో పూర్తి చేసి, "మరీ సాగదీశాడ్రా" అంటాడు. మొన్నొక సినిమాలో హీరో నాయనమ్మ మొదట్లో బాగా నవ్వించింది. మధ్యలో ఆవిడకి జబ్బు చేసింది. ఆసుపత్రి, వెనకాల వయొలిన్లు. బాబాయి బొటనవేలు తమరి మీద పడింది. టక్, టక్, టక్. ఆ టకటకల్లోనే ఆవిడ పోయింది, దినవారాలు అయ్యాయి, అస్థికలు గోదాట్లో కలిశాయి, మనవడు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఊరెళ్లిపోయాడు. బాబాయి వేలు తీసేసరికి హీరో ట్రాక్టర్ మీదున్నాడు. ఆ రాత్రి గ్రూపులో తీర్పు వెలువడింది: "ముసలావిడ ఏమైందో డైరెక్టరే మర్చిపోయాడు. వీడు ఉన్నట్టుండి వ్యవసాయం ఎందుకు మొదలెట్టాడో తెలీదు. బొత్తిగా లాజిక్ లేదు." కింద వరసగా చప్పట్ల బొమ్మలు. పెట్టినవాళ్లలో సగంమంది ఆ సినిమా చూడనే లేదు. అందులో మా పెదనాన్న ఒకరు. ఆయన ఏ సినిమా చూడడు, అన్నిటి మీదా అభిప్రాయం ఉంటుంది. తమరి సాయం కూడా అక్కర్లేని మహానుభావుడు, ఆయన్ని వదిలేద్దాం.

తమరి తమ్ముడొకడు ఉన్నాడు కదా, ఒకటిన్నర రెట్ల వేగం. 2019లో నెట్‌ఫ్లిక్స్ వాణ్ని పరీక్షిస్తున్న సంగతి బయటికి రాగానే జడ్ అపటో, బ్రాడ్ బర్డ్ లాంటి హాలీవుడ్ దర్శకులు ఒంటికాలి మీద లేచారు. మరుసటేడు వాడు ఫోన్లలోకి రానే వచ్చాడు. వాడి పుణ్యమా అని మా బాబాయి కోర్టు సీన్లు కూడా చూస్తున్నాడు. జడ్జిగారు తీర్పు చదువుతుంటే వేలంపాట పాడుతున్నట్టుంటుంది.

పాటల దగ్గర తమరి కష్టం చూస్తే జాలేస్తుంది. నాలుగున్నర నిమిషాల పాట దాటాలంటే తమరిని 27 సార్లు నొక్కాలి. 2023లో నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన పొద్దున బాబాయి టీవీ ముందు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ సినిమా పెట్టుకుని, సరిగ్గా ఆ పాట రాగానే, "ఇది తెలిసిందేలే" అని తమరిని ఆశ్రయించాడు. న్యాయంగా చెప్పాలంటే హాల్లోనూ పాట మొదలైతే సిగరెట్‌కి లేచేవాళ్లుండేవారు. కాకపోతే తిరిగొచ్చి పక్కసీటాయన్ని "ఏమైందండీ?" అని అడిగేవారు. సోఫాలో పక్కసీటాయన ఫోన్లో మునిగి ఉంటాడు, ఏమైందో ఆయనకీ తెలీదు.

వీసీపీ అద్దెకి తెచ్చి తెల్లారేదాకా మూడేసి క్యాసెట్లు వేసిన రోజుల్లోనూ ఫార్వర్డ్ ఉండేది. అప్పుడు తెరంతా గీతలు పడుతూ బొమ్మలు పరిగెత్తేవి. ఎవరో ఏడుస్తున్నారని, ఎవరికో తాళి కడుతున్నారని కనిపించేది. పైగా చాపల మీద వీధివీధంతా కూర్చుని ఉండేది, నొక్కినవాడు తిట్లు తినేవాడు. తమరి హయాంలో గీతల్లేవు, తిట్లూ లేవు.

మా ఇంట్లో సినిమాని మొత్తం అందుకునేది ఒక్క పిన్నే. బాబాయి అటెళ్లాక ఆవిడ దాన్నే మళ్లీ పెట్టించుకుని వంటింట్లోంచి వింటుంది. చేతులు పిండిలో ఉంటాయి కాబట్టి తమరిని ముట్టుకోలేదు. "ఈ హీరోయిన్‌కీ, పోయినవారం హీరోయిన్‌కీ గొంతు చెప్పింది ఒకమ్మాయేరా" అంటుంది. పేర్లు పడేటప్పుడు ఆపి చూస్తే నిజమే. నాయనమ్మ పోయిందని బాబాయికి చెప్పింది కూడా ఆవిడే. ఆయన నమ్మలేదు.

2022 ఆగస్టు 1 నుంచి తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపేసి మాట్లాడుకున్న వాటిలో ఓటీటీ సంగతీ ఉంది. హాల్లోకి వచ్చిన ఎనిమిది వారాలకి గానీ ఇవ్వకూడదన్నారు. నాలుగు వారాలకే వచ్చేసేవి ఇప్పటికీ బోలెడు. ఎన్ని వారాలకి చూపించాలన్న దాని మీదే చర్చంతా. చూపించాక ఎంత చూస్తున్నారన్నది అడగాల్సింది తమర్ని. తమరిని పిలిచినట్టు లేదు.

మా నోటి అభిప్రాయాలకన్నా తమరివే నికరం. ఎక్కడ ఆపాం, ఎక్కడ దూకాం అన్నది ఓటీటీ కంపెనీల దగ్గర నమోదవుతూనే ఉంటుంది. అవార్డు వచ్చిన సినిమాకి గ్రూపులో అందరం "మస్ట్ వాచ్" అని రాశాం. ఎవరెవరు ఎక్కడెక్కడ తమరి కాళ్లు పట్టుకున్నారో తమరికి తెలుసు. "చెత్త కామెడీ" అని మేం తీసిపారేసిన సినిమాలో బ్రహ్మానందం సీన్ రాగానే తమరి ఎడంపక్కన ఉండే వెనక్కి బటన్‌ని ఎన్నిసార్లు నొక్కామో వారికీ తెలుసు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. ఇకమీదట ఎవరు అభిప్రాయం రాసినా, దాని పక్కనే తమరి లెక్క కూడా పడేట్టు చూడండి. "సెకండాఫ్ ల్యాగ్ (143 నొక్కులు)" అని కనిపిస్తే, ల్యాగ్ ఎవరి దగ్గరుందో చదివేవాళ్లే తేల్చుకుంటారు. బాబాయికి ఈ సంగతి చెప్పకండి.

ఇట్లు,
రిమోట్ ఎన్నడూ చేతికి రాని
ఒక కుటుంబ ప్రేక్షకుడు