నిష్పాక్షికంగా మా వైపే ఉండాలి

అమెరికా అధ్యక్ష ఎన్నికల వార్తల్లో పక్షపాతం ఉందా లేదా అన్న చర్చ ఇక అనవసరం. ఉందని ప్రేక్షకులు రెండు పార్టీల తరఫునా ముక్తకంఠంతో చెబుతున్నారు. తేడా అల్లా అది ఎవరి వైపు అన్న చిన్న వివరం దగ్గరే. రిపబ్లికన్‌ని అడిగితే డెమొక్రాట్ల వైపంటాడు, డెమొక్రాట్‌ని అడిగితే రిపబ్లికన్ల వైపంటాడు. సాక్షులు ఇంతమంది ఉన్నాక ముద్దాయి తప్పించుకోవడం కష్టం.

1980లో కార్టర్, రీగన్ పోటీ పడినప్పుడు స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పోలింగ్‌కి ముందు కొందరు ఓటర్లని ఈ సంగతే అడిగారు. మూడింట రెండొంతుల మంది వార్తలు బాగానే ఉన్నాయన్నారు. ఆ అమాయకుల్ని వదిలేద్దాం. మిగతావాళ్లలో పదికి తొమ్మిది మంది మీడియా అవతలి అభ్యర్థినే మోస్తోందన్నారు. తర్వాత ఆ పరిశోధకులే పశ్చిమాసియా వార్తల టేపు ఒకటి తెచ్చి ఇజ్రాయెల్ అభిమానులకీ, అరబ్బుల అభిమానులకీ చూపించారు. ఒకే టేపు. ఇది మాకు వ్యతిరేకం అని ఇద్దరూ అన్నారు. 1985లో అచ్చయిన ఆ పరిశోధన చివరికి లోపం ప్రేక్షకుల చూపులో ఉందన్నట్టు తేల్చింది. పరిశోధకులు కూడా అవతలి పార్టీ మనుషులేనని మాకప్పుడే అర్థమైంది.

పక్షపాతం పట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. మాలాంటి అనుభవజ్ఞులు డిబేట్ చూసేటప్పుడు మాటలు వినరు. మోడరేటర్ చేతిని చూస్తారు. మా అభ్యర్థికి టైమ్ అయిపోగానే ఆ చెయ్యి పైకి లేచింది, "థాంక్యూ" అన్నాడు. అవతలివాడికి టైమ్ అయిపోయినా ఆ చెయ్యి బల్ల మీదే పెన్ను తిప్పుతూ కూర్చుంది. మర్నాడు పేపర్లో మా అభ్యర్థి ఫొటో చూస్తే నోరు తెరిచి, ఒక కన్ను సగం మూసి ఉన్నాడు. మనిషి మాట్లాడుతూ ఉంటే కెమెరా సెకనుకి బోలెడు బొమ్మలు తీస్తుంది కదా, వాటన్నిట్లోంచి దీన్నే ఏరి వేశారంటే ఆ వెతకడానికి ఎంత ద్వేషం కావాలి! అవతలివాడి ఫొటో కూడా అలాగే పడిందని ఒకరు చూపించబోయారు. అది సహజమైన ఫొటో. అతను ఉండేదే అలా.

2000 ఎన్నికల రాత్రి టీవీ చానళ్లు ఫ్లోరిడా రాష్ట్రాన్ని ముందు డెమొక్రాట్ గోర్ ఖాతాలో వేశాయి. తర్వాత వెనక్కి తీసుకుని రిపబ్లికన్ బుష్‌కి ఇచ్చాయి. తెల్లవారుజామున అదీ వెనక్కి తీసుకున్నాయి. చివరికి లెక్క తేలింది 537 ఓట్ల తేడాతో. రెండు తప్పుల్ని చెరొకటిగా ఇంత సమానంగా పంచిన రాత్రి ఇంకొకటి లేదు. అయినా ఎవరి భాగం తప్పు వాళ్లకే గుర్తుంది.

ఒప్పు చెప్పినా గతి ఇంతే. 2020లో ఫాక్స్ న్యూస్ అందరికంటే ముందు అరిజోనాలో బైడెన్ గెలిచాడంది. అంతే, ఆ చానల్‌ని నమ్ముకున్న ట్రంప్ అభిమానులు భగ్గుమన్నారు. లెక్కింపు ముగిశాక బైడెన్ 10,457 ఓట్లతో గెలిచాడు. వార్త నిజమే, కానీ మన చానల్ అయ్యుండి మన మీదే నిజం చెప్తుందా?

పోనీ నోరు మూసుకుంటే? 2024లో వాషింగ్టన్ పోస్ట్ అధ్యక్ష అభ్యర్థుల్లో ఎవరినీ బలపరచబోమంది. రెండు లక్షలకు పైగా చందాదారులు పత్రిక మానేశారు. యజమాని, అమెజాన్ వ్యవస్థాపకుడు బెజోస్ వ్యాపారాల కోసమే ఈ మౌనమని వాళ్ల అనుమానం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అనుకోకండి, మేం ఊరికే కోప్పడం. 1976లో అమెరికన్లలో 72 శాతం మంది మీడియాని నమ్ముతున్నామని గాలప్ సర్వేలో చెప్పారు. 2024 నాటికి అది 31 శాతం. ఆ 31 శాతాన్ని కూడా పూర్తిగా అడిగి ఉంటే వాళ్ల చానల్ సంగతే చెప్పేవాళ్లని నా గట్టి నమ్మకం. ఇదంతా మా కోసం కాదు. మా మీద ఏ చానల్ ప్రభావమూ పడదు. పక్కవాళ్లు పాడైపోతారనే బెంగ. అందుకే వాళ్ల తరఫున రాత్రి ఒంటిగంట దాకా మేమే కూర్చుని చూస్తున్నాం, టెన్షన్ పడుతున్నాం.

కాబట్టి చానళ్లకి ఒక వినతిపత్రం తయారుచేశాను. మా అభ్యర్థి తడబడితే అది ఆలోచన అనీ, అవతలివాడు ఆలోచిస్తే అది తడబాటు అనీ రాయాలి. మావాడి సభలో జనాన్ని పైనుంచి, అవతలి సభలో ఖాళీ కుర్చీలని దగ్గరనుంచి చూపించాలి. మావాడు వెనకబడ్డ సర్వేలన్నిటికీ శాంపిల్ చాలదని కింద స్క్రోలింగ్ వెయ్యాలి. ఇంతకుమించి ఒక్క మినహాయింపు కూడా అడగలేదు.

పక్షపాతం లేకుండా ఉందో లేదో చూడమని అవతలి పార్టీ మిత్రుడికి ఇచ్చాను. మొత్తం శ్రద్ధగా చదివి, చాలా న్యాయంగా ఉందని మెచ్చుకుని సంతకం పెట్టాడు. అభ్యర్థి పేరు ఉన్నచోట మాత్రం ఒక చిన్న దిద్దుబాటు చేశాడు.